డెలివరీ బండ్లకు ఛార్జింగ్ ఎక్కడ? సొంత యార్డు, డ్రైవర్ ఇల్లు, స్వాపింగ్, బయటి స్టేషన్ల పోలిక

ఎలక్ట్రిక్ కార్గో ఆటోలు కొనేవాళ్లు షోరూమ్‌లో ముందు అడిగేది "ఒక్క ఛార్జింగ్‌కి ఎన్ని కిలోమీటర్లు వస్తుంది?" అని. తర్వాత "ఎంతసేపట్లో ఫుల్ అవుతుంది?" అని. ఛార్జింగ్ ఏర్పాటు దగ్గరికి వచ్చేసరికి ఇంకో రెండు ప్రశ్నలకు జవాబు కాగితం మీద రాసి పెట్టుకోవాలి. రాత్రి బండి ఎక్కడ ఆగుతుంది? పొద్దున ఎన్నింటికి లోడింగ్‌కి చేరాలి? ఈ రెండూ తేలితే సగం ఎంపిక అయిపోయినట్టే. తేలకుండా ఛార్జర్ల కంపెనీలను పిలిస్తే, ఎవరు బాగా మాట్లాడితే వాళ్ల సరుకు మన యార్డులో దిగుతుంది.

హైదరాబాద్‌లో 10 నుంచి 40 బండ్లు నడిపేవాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఈ-కామర్స్ పార్శిళ్లు, కిరాణా, మందులు, వాటర్ క్యాన్లు, ఏదైనా సరే. విజయవాడ, విశాఖ వాళ్లకూ చాలావరకు పనికొస్తుంది. డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) పేరు, యూనిట్ రేటు మారతాయి అంతే.

ముందు కరెంటు లెక్క

మూడు చక్రాల మహీంద్రా ట్రియో జోర్‌ బ్యాటరీ 7.37 యూనిట్లు. జోర్ గ్రాండ్‌ది 10.24. నాలుగు చక్రాల టాటా ఏస్ ఈవీది 21.3. లోడుతో, ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతూ, సందుసందుకూ ఆగే త్రీవీలర్ యూనిట్‌కి సుమారు 10 కిలోమీటర్లు ఇస్తుందని వేసుకోండి. రోజుకు 70 కిలోమీటర్లు తిరిగితే 7 యూనిట్లు. ఛార్జర్‌లో వేడి రూపంలో పోయేది కూడా కలిపితే మీటరు మీద 8 పడతాయి. యూనిట్ 7 రూపాయలు అనుకుంటే 56 రూపాయలు, అంటే కిలోమీటరుకు 80 పైసలు. మీ బిల్లులో రేటు వేరైతే ఆ అంకె మార్చుకుని చూసుకోండి.

అదే 70 కిలోమీటర్లు డీజిల్ ఆటో లీటరుకు 30 చొప్పున తిరిగితే, లీటరు 95 రూపాయల లెక్కన 220 దాటుతుంది. రోజుకు 165 రూపాయల తేడా. నెలకు 26 రోజులు నడిస్తే బండికి 4 వేల పైచిలుకు మిగులు. యార్డు అద్దె, వైరింగ్, వాచ్‌మన్ జీతం, కరెంటు కనెక్షన్ డబ్బులు అన్నీ ఈ మిగులులోంచే రావాలి. ఏ ఏర్పాటు చూసినా ఈ 4 వేలలో ఎంత తినేస్తుందో చూడండి, మిగతా మాటలు తర్వాత.

సొంత యార్డు

బండ్లన్నీ రాత్రికి ఒకేచోటికి చేరేట్టయితే ఇంకో ఆలోచన అక్కర్లేదు, యార్డులోనే నెమ్మదిగా ఛార్జ్ చేసుకోవడం మేలు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బండి ఖాళీగానే ఉంటుంది. ఆ 8 గంటలకు మనం ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. అరగంటలో ఫుల్ చేసే ఛార్జర్ తెచ్చిపెట్టినా మిగతా ఏడున్నర గంటలు బండి ఊరికే నిలబడి ఉండాల్సిందే.

పైగా చాలా కార్గో త్రీవీలర్లకు డీసీ ఫాస్ట్ ఛార్జింగ్ ఎక్కనే ఎక్కదు. 16 ఆంపియర్ల ప్లగ్గుకు పెట్టుకుని, సుమారు 3 కిలోవాట్ల చొప్పున లాగుతాయి. 30 కిలోవాట్ల డీసీ ఛార్జర్ కొని గోడకు బిగించినా అది వాటి ముందు అలంకారమే. ఏస్ ఈవీకి సీసీఎస్2 గన్ (కార్ల ఫాస్ట్ ఛార్జింగ్ ప్లగ్గు) పడుతుంది, దానికి డీసీ పనికొస్తుంది. కొన్ని త్రీవీలర్ మోడళ్లలోనూ ఫాస్ట్ ఛార్జింగ్ ఉంది. అందుకే ఛార్జర్ కొటేషన్ తీసుకునే ముందు మీ బండి మాన్యువల్‌లో ఛార్జింగ్ పేజీ ఒక్కటి చదవండి.

అసలు విషయం కరెంటు లోడు దగ్గర ఉంది. 20 బండ్లున్నాయి. డ్రైవర్లు రాత్రి 8 గంటలకు వచ్చి, ఎవరి ప్లగ్గు వాళ్లు పెట్టేసి వెళ్లిపోతారు. 20 బండ్లు, ఒక్కోటి 3 కిలోవాట్లు. ఒకేసారి 60 కిలోవాట్లు లాగుతున్నట్టు. దీనికి తగ్గ కనెక్షన్ అడిగితే డిస్కం ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఎస్టిమేట్‌లో ట్రాన్స్‌ఫార్మర్ కూడా వేస్తారు, ఖర్చు తడిసి మోపెడవుతుంది. కానీ ఆ రాత్రి మనకు కావాల్సిన కరెంటు మొత్తం ఎంత? 20 బండ్లకు 8 చొప్పున 160 యూనిట్లు. 8 గంటలకు పంచితే సగటున 20 కిలోవాట్లు.

3 కిలోవాట్లంటే గంటకు 3 యూనిట్లు, కాబట్టి ఒక్కో బండికి 8 యూనిట్లు ఎక్కడానికి 2 గంటల 40 నిమిషాలు చాలు. 20 బండ్లను 7, 7, 6గా మూడు విడతలు చేస్తే ఎప్పుడూ 21 కిలోవాట్లు దాటవు, సరిగ్గా 8 గంటల్లో పని పూర్తవుతుంది. కాగితం మీద ఇది బ్రహ్మాండంగా ఉంటుంది గానీ చేతిలో ఒక్క నిమిషం కూడా మిగలదు. బ్యాటరీ నిండే సమయానికి ఛార్జింగ్ నెమ్మదిస్తుంది, మధ్యలో కరెంటు పోతుంది, ఒక బండి ఆలస్యంగా వస్తుంది. అందుకని రెండు విడతలు పెట్టుకోవాలి: పదేసి బండ్లు, 30 కిలోవాట్లు, రెండు విడతలూ కలిపి 5 గంటల 20 నిమిషాలు. ఇంకా రెండున్నర గంటలు చేతిలో ఉంటాయి. 60 అడగాల్సిన చోట 30తో సరిపోయింది. శాంక్షన్ లోడు మీద కట్టే డెవలప్‌మెంట్ ఛార్జీ, డిపాజిట్ ఆ మేరకు తగ్గుతాయి, ఫిక్స్‌డ్ ఛార్జీ ఉన్నచోట అదీ నెలనెలా తగ్గుతుంది.

ఈ విడతలను ఎవరు మార్చాలి? మూడు దారులున్నాయి. ఒకటి, వాచ్‌మన్ అర్ధరాత్రి దాటాక లేచి పది ప్లగ్గులు తీసి ఇంకో పదికి పెట్టడం. రెండు, ఎలక్ట్రీషియన్‌తో రెండు సర్క్యూట్లు విడివిడిగా వేయించి టైమర్, కాంటాక్టర్ (టైమర్ చెప్పినప్పుడు సర్క్యూట్‌ను కలిపి, విడదీసే స్విచ్) పెట్టించడం. ప్లగ్గులన్నీ రాత్రే పెట్టేస్తారు, ఒకటో సర్క్యూట్ ఆగగానే రెండోది మొదలవుతుంది. మూడు, సాఫ్ట్‌వేర్ ఉన్న స్మార్ట్ ఛార్జర్లు. ఏ బండికి ఎంత ఛార్జ్ ఉంది, ఎవరు ముందు బయల్దేరాలి అని లెక్కేసి కరెంటు పంచుతాయి, నెలకు పాయింట్‌కి ఇంత అని చందా కట్టాలి.

అమ్మేవాళ్లు మూడోదే చూపిస్తారు. 20 బండ్ల లోపు వాళ్లకు నేను రెండోదే చెబుతాను. టైమర్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు, నిద్ర రాదు, చందా లేదు. దానికి చేతకానిది ఒకటే, ప్లగ్గు సరిగా కూర్చోని బండిని కనిపెట్టడం. అది మనిషే చూడాలి. ఉప్పల్ వైపు ఒక యార్డులో వాచ్‌మన్ చేసే పద్ధతి నాకు బాగా నచ్చింది. టార్చి పట్టుకుని ఒక్కో బండి డ్యాష్‌బోర్డ్‌లో లైటు చూసుకుంటూ పోయి, గోడమీద బోర్డులో బండి నంబరు ఎదురుగా సున్నా చుడతాడు. వెలగనిది కనిపిస్తే సూపర్‌వైజర్‌కి అప్పుడే ఫోన్: "సార్, పన్నెండో నంబర్ బండి ఛార్జింగ్ ఎక్కుతలేదు. ప్లగ్గు మార్చి చూసిన, అయినా లేదు." రాత్రి పదకొండింటికి ఈ ఫోన్ వస్తే పొద్దున ఆ రూటుకు ఇంకో బండి పెట్టుకోవచ్చు. పొద్దున ఆరింటికి తెలిస్తే కస్టమర్ కంపెనీ పెనాల్టీ వేస్తుంది.

30 బండ్లు దాటినా, త్రీవీలర్లతో పాటు ఏస్ లాంటివి కలిసి ఉన్నా, బండ్లు వచ్చిపోయే వేళలు ఒక తీరుగా లేకపోయినా అప్పుడు సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టండి. పెట్టేటప్పుడు ఛార్జర్‌కు ఓసీపీపీ (ఛార్జర్, సాఫ్ట్‌వేర్ మాట్లాడుకునే ఉమ్మడి ప్రమాణం) ఉందో లేదో అడగండి. అది ఉంటే రేపు సాఫ్ట్‌వేర్ కంపెనీ మారినా ఛార్జర్లు పీకక్కర్లేదు.

వైరింగ్‌లో కక్కుర్తి పడొద్దు. 3 కిలోవాట్లు గంటల తరబడి లాగే సాకెట్ వేరు, ఇంట్లో ఇస్త్రీపెట్టె సాకెట్ వేరు. మామూలు 16 ఆంపియర్ల సాకెట్ కొన్నాళ్లకు వదులై, పిన్నుల దగ్గర వేడెక్కి, ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరుగుతుంది. అలా రంగు మారిన సాకెట్ కనిపిస్తే ఆ రోజే మార్చేయాలి. ఇండస్ట్రియల్ సాకెట్, ఒక్కో పాయింట్‌కి విడిగా ఆర్‌సీబీఓ (కరెంటు లీకైనా, ఎక్కువ లాగినా ఆపేసే బ్రేకర్), 4 స్క్వేర్ ఎంఎం రాగి తీగ, సరైన ఎర్తింగ్ గుంతలు. సాకెట్లు నడుము ఎత్తున ఉండాలి, వానాకాలం యార్డులో నీళ్లు నిలిస్తే అప్పుడు తెలుస్తుంది ఎందుకో.

సెల్లార్‌లో ఛార్జింగ్ పెట్టే ఆలోచన ఉంటే మానుకోండి. 2022 సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్ ఉన్న భవనంలో కింద మంటలు లేచి, పొగ పై అంతస్తుల్లోని లాడ్జికి కమ్ముకుని 8 మంది చనిపోయారు. ఆ తర్వాత బ్యాటరీల భద్రతకు ఏఐఎస్-156 నిబంధనలు కఠినమయ్యాయి, ఇప్పుడొచ్చే బండ్లు అప్పటికన్నా మెరుగు. అయినా పైన మనుషులు పడుకునే భవనం కింద ఇరవై బ్యాటరీలు రాత్రంతా ఛార్జ్ చేయడం ఏ లెక్కన చూసినా సరికాదు. రేకుల షెడ్డు, మూడువైపులా గాలి, బండికి బండికి మధ్య మనిషి నడిచేంత జాగా చాలు.

ఎండాకాలం సంగతి ఒకటి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం తిరిగొచ్చిన బండి బ్యాటరీ కాలిపోతూ ఉంటుంది. వెంటనే ప్లగ్గు పెడితే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే సర్క్యూట్) కరెంటును తగ్గించేస్తుంది, డ్రైవర్ ఛార్జర్ పాడైందనుకుంటాడు. గంటసేపు నీడన ఆపి పెడితే మామూలుగా ఎక్కుతుంది.

కనెక్షన్ ఈవీ ఛార్జింగ్ కేటగిరీ కింద విడిగా తీసుకోండి. ఛార్జింగ్ పెట్టడానికి కరెంటు అమ్మే లైసెన్స్ అక్కర్లేదని కేంద్ర విద్యుత్ శాఖ 2018లోనే స్పష్టం చేసింది. 2024లో సవరించిన వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం ఈవీ కోసం వేరే కనెక్షన్ అడిగే హక్కు ఉంది. కొత్త కనెక్షన్ గడువు మెట్రో నగరాల్లో 3 రోజులు, ఇతర మున్సిపాలిటీల్లో 7, గ్రామాల్లో 15. లైను, ట్రాన్స్‌ఫార్మర్ పెంచాల్సి వస్తే ఈ గడువులు వర్తించవు, అప్పుడు నెలల మాట. కాబట్టి బండ్లు బుక్ చేశాక కనెక్షన్‌కి అప్లై చేయడం కాదు, కనెక్షన్ ఎస్టిమేట్ చేతికొచ్చాక బండ్లు బుక్ చేయండి.

డ్రైవర్ ఇంటి దగ్గర

అద్దె యార్డు లేనివాళ్లు, డ్రైవర్లకే బండి లీజుకిచ్చినవాళ్లు ఈ దారి పడతారు. పైకి పైసా ఖర్చు లేదు. లోపల లెక్క వేరు.

తెలంగాణలో 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం. 200 దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టుకోవాలి. బండికి రాత్రికి 8 యూనిట్లు, నెలకు 26 రోజులు: 208 యూనిట్లు. ఇంట్లో ఫ్యాను, టీవీ, ఫ్రిజ్ లెక్కలోకి రాకముందే జీరో బిల్లు పోయింది. డ్రైవర్‌కి మీరు "కరెంటు డబ్బులు ఇస్తాంలే" అని 56 రూపాయల చొప్పున ఇచ్చినా, అతని ఇంట్లో నష్టం అంతకన్నా ఎక్కువ. రెండు నెలలకు అతను రాత్రిపూట ఛార్జింగ్ సగమే పెట్టడం మొదలుపెడతాడు, మీకు మధ్యాహ్నం దారిలో బండి ఆగుతుంది. ఆంధ్రలో కూడా ఇంటి మీటరుకు స్లాబుల లెక్కే, వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్ల రేటు పెరుగుతుంది.

అద్దె ఇంటి వైరింగ్, మూడో అంతస్తు నుంచి కిటికీలోంచి వేలాడే ఎక్స్‌టెన్షన్ వైరు, ఓనరుతో గొడవ, ఇవి ఎలాగూ ఉన్నాయి. సొంత ఇల్లు, బండి లోపలికి వచ్చేంత వాకిలి, ఈవీకి విడిగా మీటరు ఉన్న డ్రైవర్లకు మాత్రమే ఇది సరే. అలాంటివాళ్లు మీ దగ్గర నలుగురో ఐదుగురో ఉంటే ఆ బండ్ల మేరకు యార్డు జాగా మిగులుతుంది.

బ్యాటరీ స్వాపింగ్

ఖాళీ బ్యాటరీ ఇచ్చి నిండుది తీసుకోవడం, రెండు మూడు నిమిషాల పని. సన్ మొబిలిటీ లాంటివి ఈ పద్ధతిలో పెద్ద పేర్లు. హైదరాబాద్‌లో పుట్టిన రేస్ ఎనర్జీ హెచ్‌పీసీఎల్ బంకుల్లో స్వాపింగ్ స్టేషన్లు పెట్టింది. 2020 ఆగస్టులో కేంద్ర రవాణా శాఖ బ్యాటరీ లేకుండా బండి అమ్మి రిజిస్టర్ చేసుకోవచ్చని చెప్పాక దీనికి దారి పడింది. బ్యాటరీ మనది కాదు గనుక బండి చవక, బ్యాటరీ పాడైతే వాళ్ల తలనొప్పి.

ఫుడ్ డెలివరీ టూవీలర్లకు ఇది చక్కగా కుదురుతుంది. రైడర్ అద్దె గదిలో ఉంటాడు, ప్లగ్గు ఉండదు, రోజుకు వందకు పైగా కిలోమీటర్లు తిరుగుతాడు, ఎప్పుడు ఆర్డర్ వస్తుందో తెలియదు. రెండు షిఫ్టులు నడిచే త్రీవీలర్లకు కూడా సరిపోతుంది, ఎందుకంటే వాటికి రాత్రి ఖాళీ ఎనిమిది గంటలుండవు.

పగలు మాత్రమే నడిచే బండికి స్వాపింగ్ పెడితే, ఉచితంగా దొరికే రాత్రి సమయాన్ని వదులుకుని నిమిషాలు కొనుక్కున్నట్టు. ఇంకో చిక్కు ఏంటంటే ఒకళ్ల బ్యాటరీ ఇంకొకళ్ల స్టేషన్లో పట్టదు. కంపెనీ మీ ఏరియాలో స్టేషన్లు తగ్గించుకుంటే మీ బండ్లు ఇనుప డబ్బాలే. ఒప్పందం ముందు ఒక పని చేయండి: వారం రోజులు మీ రూట్లలో సాయంత్రం 6 నుంచి 9 మధ్య స్టేషన్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి. నిండు బ్యాటరీలు ఎన్ని ఉన్నాయి, ఎంతమంది ఆగి ఉన్నారు, ఎంతమంది తిరిగి వెళ్లిపోయారు రాసుకోమనండి. యాప్‌లో "అందుబాటులో ఉంది" అని చూపించేదానికీ, అతను రాసుకొచ్చేదానికీ ఎంత తేడా ఉందో చూశాక సంతకం పెట్టొచ్చు.

15 నిమిషాల్లో ఛార్జయ్యే బండ్లు కూడా వచ్చాయి. ఎక్స్‌పోనెంట్ ఎనర్జీ ఇలాంటిది చేస్తోంది. అక్కడా ఆ బ్యాటరీకి ఆ సంస్థ స్టేషనే కావాలి గనుక, పరీక్ష ఇదే.

బయటి స్టేషన్లు, హబ్బులు

రోడ్డు పక్క స్టేషన్లలో ఎక్కువ భాగం కార్ల కోసం పెట్టినవి, సీసీఎస్2 గన్లు. త్రీవీలర్ డ్రైవర్ అక్కడికి వెళ్తే బండికి పట్టే ప్లగ్గే ఉండదు. పట్టినా, రేటు ఇంటి కరెంటుకు రెండు మూడింతలు ఉండటం మామూలే. కరెంటు మీద జీఎస్టీ లేదు గానీ, ఛార్జింగ్ సేవ మీద 18 శాతం ఉంది. ఇన్‌పుట్ క్రెడిట్ మీకు వస్తుందో లేదో ఆడిటర్‌ని అడగండి. వీటన్నిటికన్నా ఖరీదైనది డ్రైవర్ సమయం. లైన్లో గంట నిలబడితే ఐదారు డెలివరీలు పోతాయి. అందుకే దీన్ని రోజువారీ ఏర్పాటుగా కాక, దారిలో ఇరుక్కున్నప్పుడు ఆసరాగా మాత్రమే లెక్కలో పెట్టుకోవాలి. ఏస్ ఈవీతో రోజుకు రెండు ట్రిప్పులు వేసేవాళ్లకు మాత్రం మధ్యాహ్నం గోదాము దగ్గర్లో ఒక డీసీ స్టేషన్ ఉంటే నిజంగా కలిసొస్తుంది. పగటి రేటు కూడా చూసుకోండి. పబ్లిక్ స్టేషన్లకు పొద్దున 9 నుంచి సాయంత్రం 4 దాకా కరెంటు తక్కువ రేటుకు, మిగతా వేళల్లో ఎక్కువకు ఇవ్వాలని 2024 కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ తగ్గింపు మీ స్టేషన్ బిల్లులో కనిపిస్తోందా అన్నది వేరే ప్రశ్న.

హబ్బులు వేరే రకం. పార్కింగ్, ఛార్జింగ్, కాపలా కలిపి బండికి నెలకు ఇంత అని తీసుకుంటారు. 10 బండ్ల లోపు ఉన్నవాళ్లు, ఇంకా కాంట్రాక్టు స్థిరపడనివాళ్లు ముందు ఇక్కడ మొదలుపెట్టడం మంచిది. కనెక్షన్, వైరింగ్ టెన్షన్ ఉండదు, పని పోతే బండ్లు తీసుకెళ్లిపోవచ్చు. అయితే హబ్బు నుంచి మొదటి లోడింగ్ పాయింట్‌కి ఎంత దూరమో కొలవండి. రానూపోనూ 16 కిలోమీటర్లు ఖాళీగా తిరిగితే, 70 కిలోమీటర్ల బండిలో దాదాపు పావు వంతు ఛార్జింగ్ దానికే పోతుంది, ఆ సమయానికి డ్రైవర్ జీతం కూడా. చవకగా దొరికిన శివారు హబ్బు ఇలాగే ఖరీదవుతుంది.

నా మాట

పగటి షిఫ్టు, రోజుకు 80 కిలోమీటర్ల లోపు, రాత్రికి ఒకేచోటికి చేరే 12కు పైగా బండ్లు: సొంత యార్డు, రెండు సర్క్యూట్లు, టైమర్. అంతకన్నా తక్కువ బండ్లుంటే హబ్బు, సంఖ్య పెరిగాక యార్డు. టూవీలర్లు, రెండు షిఫ్టులు: స్వాపింగ్, అదీ స్టేషన్ దగ్గర వారం రోజుల లెక్క చూశాకే. డ్రైవర్ ఇంటి దారి విడి మీటరు ఉన్నవాళ్లకే. ఏది తీసుకున్నా ప్రతి 15 బండ్లకు ఒకటి స్పేర్ పెట్టుకోండి, దాని కిస్తీ పెనాల్టీల కన్నా తక్కువే పడుతుంది.

యార్డు అద్దెకు తీసుకునేవాళ్లు అగ్రిమెంట్‌లో రెండు వాక్యాలు రాయించుకోవాలి. కరెంటు మీటరు కిరాయిదారు పేరున ఉంటుందనీ, దానికి ఓనరు అభ్యంతరం లేదనే లెటర్ ఇచ్చాడనీ. ఖాళీ చేసేటప్పుడు ప్యానెల్ బోర్డు, కేబుళ్లు, సాకెట్లు విప్పుకుని వెళ్లే హక్కు మనదేననీ. ఓనరు పేరున ఉన్న కమర్షియల్ మీటరు మీద నడిపిస్తే ఈవీ కేటగిరీ రేటు రాదు, పైగా అద్దె పెంచే మాట వచ్చిన ప్రతిసారీ మెయిన్ స్విచ్ ఆయన చేతిలో ఉంటుంది.